గిటార్ బ్యాండ్‌లోకి సింథ్‌ని దింపడం ఎలా: న్యూ ఆర్డర్ దారిలో ఒక పాట మార్చి చూద్దాం

రెండు గిటార్లు, ఒక బేస్, డ్రమ్స్, ఒక వోకల్. నాలుగైదేళ్ళు ఇదే సెటప్‌లో వాయించాక ఏదో ఒక రోజు బ్యాండ్‌లో ఎవడో ఒకడి బుర్రలో పురుగు తొలుస్తుంది, "బ్రో మనం కూడా సింథ్ పెడదాం బ్రో" అని, అంటే కరెంటుతో సౌండ్ పుట్టించే సింథసైజర్ అన్నమాట. మా దగ్గరా ఇదే జరిగింది. మేం చేసిన మొదటి పనేంటంటే ఒక సెకండ్ హ్యాండ్ కీబోర్డ్ తెచ్చి, ఉన్న పాటల మీద పైపైన స్ట్రింగ్స్ టోన్ పరిచేయడం, పాటలో ఒక్క ముక్క కూడా మార్చకుండా. విన్న ఫ్రెండ్ ఒకడు "పెళ్ళి రిసెప్షన్ లాగుంది మామా" అన్నాడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు, కర్రీ పాయింట్ సాంబార్లో పన్నీర్ ముక్కలు వేసినట్టుంది ఆ పాట.

తప్పెక్కడ జరిగిందో నాకు అర్థమైంది మాత్రం న్యూ ఆర్డర్ కథ సరిగ్గా చదివి, ఆ రికార్డులు వరసగా విన్నాకే. అందుకే ఈ గైడ్ అంతా వాళ్ళ చుట్టూనే తిరుగుతుంది, మధ్యలో ఇంకో ఇంగ్లీష్ బ్యాండ్ రేడియోహెడ్ కొంచెం వస్తారు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. మాంచెస్టర్ బ్యాండ్ జాయ్ డివిజన్, సింగర్ ఇయాన్ కర్టిస్ 1980 మే 18న, అమెరికా టూర్‌కి బయల్దేరబోయే ముందు చనిపోయాడు. మిగిలిన ముగ్గురు, అంటే గిటార్ బెర్నార్డ్ సమ్నర్, బేస్ పీటర్ హుక్, డ్రమ్స్ స్టీఫెన్ మోరిస్, పేరు మార్చుకుని న్యూ ఆర్డర్ అయ్యారు, అదే ఏడాది గిలియన్ గిల్బర్ట్ కీబోర్డ్స్, గిటార్‌కి వచ్చి చేరింది. 1981లో మొదటి ఆల్బమ్ మూవ్‌మెంట్ వింటే ఇంకా పాత బ్యాండ్ నీడలోనే ఉన్నట్టుంటుంది. 1983 మార్చిలో బ్లూ మండే వచ్చేసరికి డ్రమ్ మెషీన్, సీక్వెన్సర్ (రాసిపెట్టిన నోట్లని తనే వాయించే మెషీన్), శాంప్లర్ (రికార్డ్ చేసిన సౌండ్‌ని నోట్లుగా వాయించేది), ఏడున్నర నిమిషాల డాన్స్ పాట. మధ్యలో గడిచింది రెండేళ్ళు కూడా లేదు. కానీ ఇది రాత్రికి రాత్రి జరిగింది మాత్రం కాదు, జాయ్ డివిజన్‌లో ఉన్నప్పుడే సమ్నర్ ట్రాన్సెండెంట్ 2000 అనే సింథ్‌ని కిట్ తెచ్చుకుని తనే సోల్డరింగ్ చేసి కట్టుకున్నాడు, చివరి ఆల్బమ్ టైమ్‌కి ఆర్ప్ ఓమ్నీ కూడా వచ్చేసింది. అంటే గిటార్ బ్యాండ్‌గా ఉన్నప్పుడే సింథ్‌తో చనువు పెంచుకున్నారన్నమాట.

సరే, పనిలోకి వద్దాం.

ముందు కొనొద్దు

నిజంగా చెప్తున్నా, మొదటి రెండు నెలలు రూపాయి ఖర్చు పెట్టకండి. ల్యాప్‌టాప్ ఉంటే వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అని రెండు ఫ్రీ సాఫ్ట్‌వేర్ సింథ్‌లు దొరుకుతాయి, రెండూ డబ్బు పెట్టి కొన్నవాటికి ఏమాత్రం తీసిపోవు. ఇంట్లో యమహా పీఎస్ఆర్ లాంటిది మూలన పడుంటే దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి వట్టి కీస్‌గా వాడుకోండి, దాని లోపలి టోన్లు మాత్రం ముట్టుకోవద్దు. మన ఆర్కెస్ట్రాల్లో వాడే ఆ కీబోర్డులు అరేంజర్లు, వాటిలో సౌండ్లు రెడీమేడ్‌గా వచ్చేస్తాయి, మనకి కావాల్సింది సౌండ్‌ని మొదట్నుంచి వండుకునే మెషీన్. మూగ్, రోలాండ్, కోర్గ్, ప్రాఫెట్ అని సింథ్‌ల పేర్లు వినపడగానే జేబు తడుముకోకండి. అన్నట్టు మూగ్ అని రాస్తున్నాం గానీ అసలు పలకాల్సింది మోగ్ అని, దాన్ని తయారుచేసిన ఆ పేరుగలాయనే అలా పలికేవాడు. మనకి గుర్తుపెట్టుకోవడం ఈజీ, అది మూగది కాదు, మోగేది.

ఎవరు నోరు మూసుకోవాలో తేల్చుకోండి

అసలు కిటుకంతా ఇక్కడే. బ్యాండ్‌లోకి కొత్త వాయిద్యం వస్తే పాతవాళ్ళలో ఎవరో ఒకరు తమ జాగా ఖాళీ చేయాలి, అది జరక్కుండా ఎంత ఖరీదైన సింథ్ తెచ్చినా బురదే.

న్యూ ఆర్డర్‌కి ఇక్కడ ఒక అదృష్టం కలిసొచ్చింది. పీటర్ హుక్ జాయ్ డివిజన్ రోజుల నుంచీ బేస్‌ని పైన, సన్న తీగల మీద, గిటార్ మెలొడీ లాగా వాయించేవాడు. కారణం కళాత్మకం ఏమీ కాదు, ఆయన స్పీకర్ నాసిరకం, పక్కన సమ్నర్ గిటార్ గోల, కింద వాయిస్తే తనకే వినపడదు, పైన వాయిస్తే వినపడేది. కర్టిస్‌కి అది నచ్చింది, స్టైల్ అయిపోయింది. దాంతో ఏమైందంటే పాటలో అడుగు భాగం ముందే ఖాళీగా ఉంది, సింథ్ బేస్ వచ్చి చక్కగా ఆ గదిలో చేరిపోయింది, హుక్ ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. బ్లూ మండేలో ఆ ధక్-ధక్ మని నడిచే బేస్ మూగ్ సోర్స్ అనే సింథ్‌ది, దాని పైన తేలుతూ వచ్చేదే హుక్ బేస్ గిటార్. మెషీన్లు ఎన్ని వచ్చినా అది న్యూ ఆర్డర్ అని గుర్తుపట్టేది ఆ బేస్ వల్లే.

మీ బ్యాండ్‌లో ఆ పని చేసేది ఎవరో చూసుకోండి. ఒక కాగితం మీద మీ పాటలో ఎవరు ఏ ఎత్తులో వాయిస్తున్నారో రాయండి. బేస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, గిటార్ కింది తీగ 82 దగ్గర. సింథ్ బేస్ కావాలంటే మీ బేసిస్ట్ పన్నెండో ఫ్రెట్ పైకి వెళ్ళాలి, లేదా ఆ పాటలో ఆయనే సింథ్ వాయించాలి. సింథ్ ప్యాడ్ (వెనకాల పరుచుకునే పొడుగు సౌండ్) కావాలంటే రిథమ్ గిటార్ ఆపాలి, తగ్గించడం కాదు, పూర్తిగా ఆపాలి. ఇక్కడ గొడవలు జరుగుతాయి, ముందే చెప్తున్నా. రేడియోహెడ్ లాంటి బ్యాండ్‌లోనే కిడ్ ఎ చేసేటప్పుడు గిటార్ వాయించేవాళ్ళకి తమ పనేంటో అర్థంకాని రోజులు నడిచాయి, 2000 అక్టోబర్‌లో ఆ ఆల్బమ్ బయటికొచ్చాక మొదటి పాట పెడితే గిటారే లేదు, ప్రాఫెట్-5 సింథ్, ముక్కలు చేసిన గొంతు, అంతే. రిలీజ్‌కి ముందు ఒక్క సింగిల్ కూడా వదల్లేదు, ఐనా ఇంగ్లండ్‌లో, అమెరికాలో నంబర్ వన్ అయ్యింది. మన గిటారిస్ట్ తమ్ముడు అలిగితే ఈ కథ చెప్పండి, అలక తీరుతుందని గ్యారంటీ ఐతే ఇవ్వను.

ఒక్క పాటే, అదీ సరైన పాట

సెట్‌లిస్ట్ మొత్తం మార్చేద్దాం అని కూర్చోవద్దు. ఒక పాట తీసుకోండి, అందులో కార్డ్స్ నాలుగుకి మించకూడదు, టెంపో మధ్యలో మారకూడదు, ఎందుకంటే మెషీన్‌కి మన మూడ్‌తో పనిలేదు. గిటార్ రిఫ్ మీదే బతికే పాట ఐతే వదిలేయండి, రిఫ్ తీసేస్తే అందులో ఏం మిగలదు. వోకల్ మెలొడీ ఒక్కటీ హమ్ చేస్తే నిలబడే పాట కావాలి.

పదహారు గడులు

ఇప్పుడు చెయ్యి పెడదాం. పాట డి మైనర్‌లో ఉందనుకుందాం, టెంపో 120. ఒక బార్‌ని (నాలుగు బీట్ల ముక్కని) పదహారు గడులు చేయండి, ఈ టెంపోలో ఒక్కో గడి 125 మిల్లీసెకండ్లు వస్తుంది. సీక్వెన్సర్‌లో ఈ నోట్లు పెట్టండి: డి, డి, పై డి, ఖాళీ, డి, డి, పై డి, ఖాళీ, ఎఫ్, ఎఫ్, పై ఎఫ్, ఖాళీ, సి, సి, పై సి, ఖాళీ. వినండి. ఒక్కసారిగా కాలు ఊగుతుంది, ఎందుకంటే కింద నోటు పైన నోటు మధ్య ఆ ఆక్టేవ్ గెంతు ఉంది చూశారా, డాన్స్ అంతా దాన్లోనే ఉంటుంది, ఆ ఖాళీ గడిలో ఉంటుంది. ఖాళీలు నింపేయాలని చెయ్యి దురద పెడుతుంది, నింపొద్దు, అక్కడ డ్రమ్స్ ఊపిరి పీల్చుకోవాలి.

సౌండ్ ఇలా వండండి. సా వేవ్ (రంపం పళ్ళ ఆకారంలో ఉండే గరుకు సౌండ్) ఒక్కటి చాలు, ఎఫెక్ట్‌లేం వద్దు. ఫిల్టర్ కటాఫ్ (పై ఫ్రీక్వెన్సీలు ఎక్కడ కోసేయాలో చెప్పే నాబ్) బాగా కిందికి దించండి, సౌండ్ దుప్పటి కప్పుకున్నట్టు మబ్బుగా అయిపోయేదాకా. తర్వాత ఫిల్టర్‌కి ఎన్వలప్ (నోటు నొక్కాక సౌండ్ ఎలా మారాలో చెప్పేది) కలపండి, అటాక్ (తెరుచుకునే టైమ్) సున్నా, డికే (మూసుకునే టైమ్) 100 నుంచి 120 మిల్లీసెకండ్ల మధ్య, సస్టెయిన్ (నొక్కి ఉంచితే నిలిచే సౌండ్) సున్నా. ఇప్పుడు ప్రతి నోటూ "టౌ" మని తెరుచుకుని తర్వాతి గడి వచ్చేలోపు మూసుకుపోతుంది. డికే ఎక్కువ పెడితే నోట్లు ఒకదానికొకటి అంటుకుని సేమియా పాయసం ముద్దకట్టినట్టు అవుతుంది. ఈ ఒక్క నాబ్ మీద అరగంట కూర్చోండి, ఫర్వాలేదు.

ఇది బాగా కుదిరాక ఒక తమాషా చేయండి. చివరి ఖాళీ గడి తీసేసి ప్యాటర్న్‌ని పదిహేను గడులు చేయండి, డ్రమ్స్ మాత్రం పదహారే ఉంచండి. బార్ బార్‌కీ బేస్ ఒక గడి ముందుకి జరుగుతూ పోతుంది, ఎక్కడెక్కడో పడుతుంది, సరిగ్గా పదిహేను బార్ల తర్వాత మళ్ళీ మొదట్లో కలుస్తుంది. బ్లూ మండేలో ఇలాంటిదే పొరపాటుగా జరిగింది. అప్పట్లో మౌస్ పట్టుకుని గీసే స్క్రీన్ వాళ్ళ దగ్గర లేదు కదా, గిలియన్ పాట మొత్తం నోట్లని ఏ4 కాగితాల మీద రాసుకుని, వాటిని టేపుతో అతికించి స్టూడియో పొడవునా పరిచి, అల్లిక డిజైన్ చూసి స్వెట్టర్ అల్లినట్టు ఒక్కో నోటు సీక్వెన్సర్‌లో కొట్టింది. మధ్యలో ఒక నోటు తప్పిపోయింది. దాంతో సింథ్ మెలొడీ బీట్‌కి కాస్త పక్కకి జరిగిపోయింది, ఆ జరగడమే పాటకి అందం అయ్యింది. అంత మెషీన్ పాటలో మనిషి చెయ్యి పడ్డ చోటు అదే. మీకు పదిహేను గడుల లెక్క నచ్చకపోతే మళ్ళీ పదహారుకి వెళ్ళిపోండి, కానీ ఒకసారి వినకుండా మాత్రం వెళ్ళొద్దు.

ప్యాడ్ గురించి ఎక్కువ చెప్పను. రెండు సా వేవ్‌లు, ఒకటి ఇంకోదానికన్నా ఎనిమిది పది సెంట్లు (సెమిటోన్‌లో వందో వంతు ఒక సెంటు) పక్కకి, అటాక్ ముప్పావు సెకండు, రిలీజ్ (కీ వదిలాక ఆరిపోయే టైమ్) రెండు సెకండ్లు, 250 హెర్ట్జ్ కింద అంతా కోసేయండి. కోరస్‌లో మాత్రమే వాడండి. పాటంతా ప్యాడ్ ఉంటే అది మళ్ళీ రిసెప్షన్.

డ్రమ్మర్‌తో మాట్లాడటం

అన్నిటికన్నా కష్టం ఇదే, సింథ్ ప్రోగ్రామింగ్ కాదు. సీక్వెన్స్ నడుస్తుంటే డ్రమ్మర్ దాన్ని ఫాలో అవ్వాలి, అంటే చెవిలో క్లిక్ పెట్టుకుని వాయించాలి. ఇన్నేళ్ళూ అందరూ తనని ఫాలో అయ్యారు, ఇప్పుడు తనొక టిక్ టిక్‌ని ఫాలో అవ్వాలంటే ఎవరికైనా మండుతుంది. స్టీఫెన్ మోరిస్ అదృష్టవశాత్తూ మెషీన్లంటే పడిచచ్చే డ్రమ్మర్, ముందు నుంచీ ఎలక్ట్రానిక్ డ్రమ్ కూడా వాయించేవాడు, బ్లూ మండేకి ఒబెర్‌హైమ్ డీఎంఎక్స్ డ్రమ్ మెషీన్ తెచ్చినప్పుడు అదేదో తన కడుపు కొట్టడానికి వచ్చిందని అనుకోలేదు. మీ డ్రమ్మర్ అలాంటోడు కాకపోతే నెమ్మదిగా వెళ్ళండి. మొదట క్లిక్ వద్దు, ఆ బేస్ సీక్వెన్సే హెడ్‌ఫోన్స్‌లో గట్టిగా ఇవ్వండి, దాంతో పోటీపడి వాయించమనండి, అది వట్టి టిక్ టిక్ కన్నా సరదాగా ఉంటుంది. ఇంకోటి, మన దగ్గర ఆర్కెస్ట్రాల్లో ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే అన్నలు ఉంటారు చూడండి, ఆక్టోప్యాడ్ మీద తబలా నుంచి డిస్కో దాకా దించేసేవాళ్ళు, వాళ్ళలో ఒకర్ని ప్రాక్టీస్‌కి పిలిచి ఒక పూట కూర్చోబెట్టండి. మెషీన్ సౌండ్‌ని చేత్తో వాయించడం ఎలాగో వాళ్ళకి తెలిసినంత మన రాక్ డ్రమ్మర్లకి తెలియదు, మేం ఆ పూట నేర్చుకున్నది ఆర్నెల్ల యూట్యూబ్‌లో దొరకలేదు.

కిక్ డ్రమ్ అసలైనది ఉంచి, స్నేర్ మాత్రం డ్రమ్ ప్యాడ్ మీద పెట్టడం మంచి రాజీ మార్గం. బేస్ సింథ్, కిక్ రెండూ అడుగునే ఉంటాయి కాబట్టి కిక్ పడ్డ ప్రతిసారీ బేస్ ఒక్క క్షణం తగ్గేలా సైడ్‌చెయిన్ పెట్టుకోండి, ఐతే కొంచెమే, మూడు నాలుగు డెసిబెల్స్ చాలు.

మరి గిటార్ ఏం చేయాలి

ఆపమన్నాను కదా అని గిటార్‌ని ఇంట్లో పెట్టి రమ్మనలేదు. సింథ్ చేయలేనిది గిటార్‌తో చేయించండి, అంటే గీకుడు, తీగ వంగడం, ఫీడ్‌బ్యాక్, వేలి చప్పుడు. కార్డ్స్ వద్దు, రెండు తీగల మీద చిన్న ముక్క, డిలే (ప్రతిధ్వని) వేసి, 300 హెర్ట్జ్ కింద కోసేసి. డిలే టైమ్ 375 మిల్లీసెకండ్లు పెడితే మన 120 టెంపోలో మూడు గడులకి సరిపోతుంది, సీక్వెన్స్‌తో అల్లుకుపోతుంది. పాట మొత్తంలో గిటార్ ముప్ఫై సెకండ్లే వినపడొచ్చు, కానీ ఆ ముప్ఫై సెకండ్లకి జనం తలెత్తి చూస్తారు. రేడియోహెడ్‌లో జానీ గ్రీన్‌వుడ్ ఐతే గిటార్ పక్కన పెట్టి ఓండ్ మార్టెనో పట్టుకున్నాడు, 1928 నాటి ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ వాయిద్యం, గొంతులాగా జారుతుంది. కొత్త సౌండ్ కోసం కొత్త మెషీనే కావాలని రూల్ లేదని చెప్పడానికి చెప్తున్నా.

గొంతు విషయంలో ఒకటే మాట, తగ్గించి పాడమనండి. గిటార్ల గోల మీద అరిచి పాడే అలవాటు సింథ్ మీద పనికిరాదు, ఖాళీ హాల్లో అరిచినట్టుంటుంది. సమ్నర్ సింగర్‌గా వచ్చినవాడు కాదు, ఇంకెవరూ లేక మైక్ పట్టుకున్నాడు, ఆ నిస్పృహ గొంతు మెషీన్ల మీద ఎంత బాగా కూర్చుందో వినండి.

స్టేజ్ మీద

ల్యాప్‌టాప్‌లో బఫర్ (ఒక్క విడతలో వండే సౌండ్ శాంపిళ్ళ లెక్క) 128 పెట్టండి, 48 కిలోహెర్ట్జ్‌లో మూడు మిల్లీసెకండ్ల లోపే ఆలస్యం. 512 పెడితే పదకొండు దాకా పోతుంది, దానికి ఇంటర్‌ఫేస్ ఆలస్యం కూడా కలిసి, కీ నొక్కాక సౌండ్ వెనకాల నడిచొస్తున్నట్టు ఉంటుంది. వైఫై ఆపేయండి, అప్‌డేట్లు ఆపేయండి. సౌండ్ మోనోలో పంపండి, చాలా చోట్ల పీఏ (హాల్ స్పీకర్ సిస్టమ్) ఎలాగూ మోనోనే, స్టీరియో ప్యాడ్ అక్కడ సగం మాయమైపోతుంది. డీఐ బాక్స్ (సింథ్ సౌండ్‌ని మిక్సర్‌కి పంపే డబ్బా) కచ్చితంగా మీదే తీసుకెళ్ళండి, హమ్ తగ్గించే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉన్నది. మా మొదటి షోలో ఛార్జర్ పెట్టగానే "ఝూ" మని హమ్, సౌండ్ చూసే అన్నకి గిటార్ బ్యాండ్ అని చెప్పారట, ఆయన దగ్గర ఎక్స్‌ట్రా డీఐ లేదు, ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వాయించాం, నాలుగో పాటకి 11 శాతం, నేను కీస్ చూస్తున్నానా బ్యాటరీ చూస్తున్నానా నాకే తెలియదు.

మెషీన్లతో లైవ్ అంటే పెద్దవాళ్ళకీ చెమటలే. 1983లో బీబీసీ టీవీ షో టాప్ ఆఫ్ ద పాప్స్‌కి వెళ్తే అందరూ టేపు పెట్టి పెదాలు ఆడించే చోట న్యూ ఆర్డర్ పట్టుబట్టి బ్లూ మండే లైవ్‌లో వాయించారు, వీడియో చూడండి, ఎంత బితుకుబితుకుగా ఉందో. ఆ పాట పుట్టిందే, వాళ్ళు చెప్పిన కథ ప్రకారం, ఎన్‌కోర్ అడిగే జనానికి ఒక బటన్ నొక్కేసి స్టేజ్ దిగిపోదామన్న బద్ధకంతో. బటన్ నొక్కితే పనైపోద్దని మెషీన్‌ని నమ్మినవాళ్ళ గతి ఎలా ఉంటుందో ఆ వీడియోలోనే ఉంది.

కాబట్టి సింథ్ పాటని సెట్‌లో మూడోదిగా పెట్టండి, మొదటిదిగా వద్దు, చివరిదిగా అసలే వద్దు. సీక్వెన్స్ ఆగిపోతే ఏం చేయాలో ముందే అనుకోండి: డ్రమ్మర్ ఆగకూడదు, బేసిస్ట్ వెంటనే కిందికి దిగి అవే డి, ఎఫ్, సి చేత్తో వాయించాలి, గిటారిస్ట్ పాత కార్డ్స్ ఎత్తుకోవాలి, నాలుగు బార్లలో జనానికి తెలియకుండా పాట మళ్ళీ పాత పాట అయిపోవాలి. దీన్ని కూడా ప్రాక్టీస్ చేయాలండీ, నోటితో అనుకుంటే రాదు. మా రిహార్సల్స్‌లో ల్యాప్‌టాప్ కేబుల్ పీకే డ్యూటీ వోకలిస్ట్‌ది, ఏ పాటలో పీకుతాడో, ఎప్పుడు పీకుతాడో చెప్పడు.